తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి: కడియం నర్సరీ ఒకటి వెబ్ డెవలపర్‌ను ఎంచుకున్న తీరు

2023 జనవరిలో కడియపులంక నుంచి ఒక నర్సరీ రైతు నా దగ్గరికి వచ్చారు. చేతిలో విజిటింగ్ కార్డుల కట్ట, ఫోనులో ఒక లారీ ఫొటో. లారీ వెనుక తలుపు మీద నర్సరీ పేరు, దాని కింద వెబ్‌సైట్ చిరునామా పెద్ద పెద్ద అక్షరాలతో రాయించి ఉన్నాయి. "ఈ అడ్రసు ఒకసారి కొట్టి చూడండి" అన్నారు. కొట్టాను. జూదం ఆటల ప్రకటనలు వచ్చాయి.

"ముప్పై ఏళ్లుగా మొక్కలు అమ్ముతున్నామండీ. మా పేరు కొడితే ఇది వస్తోంది. దీన్ని తీయించడానికి ఎవరికి చెప్పుకోవాలి?" అని అడిగారు. ఆ గొంతులో కోపం కన్నా అవమానమే ఎక్కువగా వినిపించింది.

రాజమహేంద్రవరంలో నేను పదకొండేళ్లు వెబ్‌సైట్లు తయారుచేశాను. తర్వాత ఆ పని మానేశాను. చిన్న వ్యాపారులకు తగిన డెవలపర్‌ను వెతికిపెట్టడం, ఒప్పందం రాయించడం, పని పూర్తయ్యేదాకా పక్కన ఉండి చూడటం ఇప్పుడు నా వృత్తి. ఈ నర్సరీ పని గురించి రాయడానికి వారు ఒప్పుకున్నారు. పేర్లు మాత్రం రాయవద్దన్నారు, రాయడం లేదు.

పాత సైటు ఎలా పోయింది

2019లో తెలిసినవారి ద్వారా ఒక కుర్రవాడు వచ్చి, తొమ్మిది వేల రూపాయలకు సైటు తయారుచేసి ఇచ్చాడు. చూడటానికి బాగానే ఉండేదట. డొమైన్, అంటే సైటు చిరునామా, కొన్నది తన మెయిల్ మీద, తన కార్డుతో. హోస్టింగ్, అంటే సైటు ఉండే సర్వర్‌లో చోటు, కూడా తన ఖాతాలోనే. ఆ రోజు రైతుకు అది సౌకర్యంగానే అనిపించింది, తనకు తలనొప్పి తప్పింది కాబట్టి. తర్వాత ఆ కుర్రవాడు విదేశాలకు వెళ్లిపోయాడు. గడువు ముగుస్తోందని వచ్చిన హెచ్చరికలన్నీ అతను వాడటం మానేసిన మెయిల్‌కే వెళ్లాయి.

2022 ఆగస్టులో డొమైన్ గడువు తీరింది. డాట్ కామ్ పేరు గడువు తీరగానే పోదు. రిజిస్ట్రార్‌ను, అంటే డొమైన్ అమ్మే సంస్థను బట్టి గరిష్ఠంగా 45 రోజుల వరకు మామూలుగా పునరుద్ధరించుకునే అవకాశం ఉంటుంది. అది దాటాక ఇంకో 30 రోజులు అదనపు రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. చివరి 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆ తర్వాత ఆ పేరు సంతలోకి వస్తుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. అంటే దాదాపు 80 రోజుల వ్యవధి. కానీ వానలు పడే ఆ నెలలే కడియంలో ఊపిరి సలపని కాలం. రోజూ లారీలు లోడవుతుంటాయి. సైటు తెరుచుకోవడం లేదని గమనించినా, సర్వర్ పాడైందేమో, కుర్రవాడు ఫోనెత్తితే చెబుదాంలే అనుకున్నారు. అతను ఎత్తలేదు. నా దగ్గరికి వచ్చేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

ఆ కుర్రవాడు మోసం చేశాడని నేను అనుకోవడం లేదు. నిర్లక్ష్యం ఉంది, దురుద్దేశం లేదు. అసలు తప్పు వేరే చోట ఉంది. ఊళ్లో కొట్టు అద్దెకు తీసుకునే మనిషి తాళం చెవి తన బీరువాలో పెట్టుకుంటాడు, గుమాస్తా ఇంట్లో పెట్టడు. వెబ్‌సైట్ విషయానికి వచ్చేసరికి అదే మనిషి తాళం చెవి ఎక్కడుందో కూడా అడగడు. ఆరా తీస్తే, నేను చూసిన చిన్న వ్యాపారుల్లో చాలామందికి ఇదే జరిగి ఉంది, వారికి ఇంకా తెలియదంతే.

ఆ రోజే ఒక పని చేశాం. గూగుల్ మ్యాప్స్‌లో నర్సరీ పేరుతో ఉన్న వివరాల్లో వెబ్‌సైట్ లింకు ఇంకా పాత చిరునామాకే ఉంది. అంటే దారి వెతుక్కుంటూ వచ్చే కొనుగోలుదారును మనమే జూదం సైటుకు పంపుతున్నాం. ముందు ఆ లింకు తీసేశాం. ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని.

ఫోను పక్కన రెండు రోజులు

"మాకు అమెజాన్‌లాంటిది కావాలండీ" అన్నది రైతు మొదటి కోరిక. ఆ మాట పట్టుకుని ముగ్గురికి ఫోన్ చేసి ఉంటే ముగ్గురూ సంతోషంగా కొటేషన్ పంపేవారు. నేను వారం గడువు అడిగి, ఫిబ్రవరిలో రెండు రోజులు నర్సరీ ఆఫీసులో ఫోను పక్కన కూర్చున్నాను. ఫోనెత్తేది ఆ ఇంటి కోడలు. వృక్షశాస్త్రంతో బీఎస్సీ చదివారు. మొక్కల శాస్త్రీయ నామాలు తడుముకోకుండా చెబుతారు.

రెండు రోజుల్లో 61 ఫోన్లు వచ్చాయి, ఒక్కొక్కటీ పుస్తకంలో రాసుకున్నాను. బెంగళూరు, హైదరాబాద్, నాగ్‌పూర్, సూరత్. లేఅవుట్లు వేసేవారు, తోటలు డిజైన్ చేసేవారు, రోడ్డు మధ్యలో మొక్కలు నాటే కాంట్రాక్టర్లు. దాదాపు అందరూ అడిగినవి అవే నాలుగు ప్రశ్నలు: మొక్క ఉందా, ఏ సైజు బ్యాగులో ఉంది, ఎన్ని అడుగుల ఎత్తు, ఎన్ని దొరుకుతాయి. ఆ తర్వాత తప్పనిసరిగా "ఒక ఫొటో పంపండి" అంటారు. ఆమె ఫోను పట్టుకుని మడుల మధ్యకు నడిచి వెళ్లి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపి, తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఈలోగా మరో మూడు ఫోన్లు మోగి ఆగిపోతాయి. ధర మాట చివర్లో వస్తుంది. అది లోడును బట్టి, దూరాన్ని బట్టి, ఆ వారం రేటును బట్టి ఉంటుంది. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టవచ్చా అని ఒక్కరూ అడగలేదు. ఈ వ్యాపారంలో అడ్వాన్సు బ్యాంకు ఖాతాకు వస్తుంది, మిగతాది లోడు బయలుదేరే ముందు.

సాయంత్రం రైతుకు ఆ పుస్తకం చూపించాను. "అమెజాన్ అమ్మేది ఒక మొక్క. మీరు అమ్మేది ఒక లారీ. మీ కష్టమంతా కోడలమ్మ నడకలో ఉంది. ఆ నడక తగ్గించే సైటు చాలు" అన్నాను.

ఆన్‌లైన్ అమ్మకం వద్దనడానికి ఇంకా కారణాలున్నాయి. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వేలు సాధారణంగా రెండు శాతం దాకా రుసుము తీసుకుంటాయి, దాని మీద జీఎస్టీ అదనం. రెండు లక్షల లోడు మీద ఆ సొమ్ము చిన్నదేమీ కాదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవారు ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. దారిలో వాడిపోయిన మొక్కకు డబ్బు వెనక్కి ఇవ్వాలా వద్దా అన్న విధానం స్పష్టంగా రాసి ఉండాలి. ఇవన్నీ మోయగలిగిన వ్యాపారానికి అది మంచిదే. ఈ నర్సరీకి ఆ బరువు అవసరం లేదు.

అసలు డెవలపర్ లేకుండానే పని జరుగుతుందా అన్నది కూడా చూశాం. వాట్సాప్ బిజినెస్ కేటలాగులో 500 రకాల వరకు ఉచితంగా పెట్టుకోవచ్చు. బట్టల కొట్టుకో, స్వీటు షాపుకో నేను చాలాసార్లు అదే చాలంటాను. ఇక్కడ అది సరిపోదు. కొత్త కొనుగోలుదారు మొక్క పేరుతో గూగుల్‌లో వెతుకుతాడు. పైగా బ్యాగు సైజును బట్టి, ఎత్తును బట్టి జాబితాను జల్లెడ పట్టుకోవాలి. కాబట్టి సైటు కావాలి, కానీ చిన్నది. అది తేలాకే డెవలపర్ల కోసం వెతకడం మొదలుపెట్టాం.

వచ్చిన నాలుగు కొటేషన్లు

ఒకటి హైదరాబాద్‌లోని పెద్ద ఏజెన్సీ నుంచి. 1,45,000 రూపాయలు, జీఎస్టీ అదనం, సైటుతో పాటు మొబైల్ యాప్. వీడియో కాల్‌లో చక్కగా మాట్లాడారు, రంగురంగుల ప్రెజెంటేషన్ చూపించారు. రైతు ముచ్చట పడ్డారు. నలభై నిమిషాల మాటల్లో నర్సరీ గురించి వారు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా అనుభవంలో దీన్ని మించిన ప్రమాద సూచన లేదు. సరుకేమిటో తెలుసుకోకుండానే కొటేషన్ ఇవ్వగలిగారంటే, అందరికీ అదే కొటేషన్ ఇస్తున్నారన్నమాట.

రెండోది రైతు బావమరిది కొడుకు స్నేహితుడిది. రాజమహేంద్రవరంలోనే ఉంటాడు, పిలిస్తే పావుగంటలో వస్తాడు, మంచివాడు. 18,000 రూపాయలు. డొమైన్, హోస్టింగ్ "నేనే చూసుకుంటాను" అన్నాడు. పాత కథలో మొదటి వాక్యం ఇదే.

మూడోది నెలసరి పథకం. మొదట పైసా కట్టక్కర్లేదు, నెలకు 1,500. వారి సొంత వేదిక మీద సైటు తయారవుతుంది. కట్టడం ఆపిన రోజు ఏమవుతుందని అడిగాను. సైటు ఆగిపోతుంది, అందులోని పేజీలను మరో చోటికి తీసుకెళ్లే వీలు లేదని నిజాయితీగానే చెప్పారు. మూడేళ్లలో 54,000 కట్టి, చివరికి చేతిలో ఏమీ ఉండదు. దాన్ని అక్కడితో వదిలేశాం.

నాలుగోది కాకినాడకు చెందిన ఇద్దరు అమ్మాయిల జట్టు. స్వతంత్రంగా పని మొదలుపెట్టి రెండేళ్లే అయింది. 48,000 రూపాయలు. కొటేషన్ ఇచ్చే ముందు నర్సరీ చూడాలన్నారు, సొంత ఖర్చుతో బస్సులో వచ్చారు. "ధరలు పెట్టకపోతేనే మంచిది, రోజూ మార్చలేక తప్పు ధరలు మిగిలిపోతాయి" అని వాళ్లే అన్నారు.

ఒక్కొక్కరిని మూడేసి పాత సైట్లు చూపించమన్నాను. షరతు ఏమిటంటే, అవి కనీసం ఏడాదిన్నర క్రితం తయారైనవై ఉండాలి. కొత్త సైటు ఎవరిదైనా మెరుస్తుంది. డెవలపర్ వెళ్లిపోయిన తర్వాత సైటు ఎలా ఉందన్నది పాతదాంట్లోనే కనిపిస్తుంది. ఆ సైట్ల యజమానులకు ఫోన్ చేశాను. "సంతృప్తిగా ఉన్నారా" అని అడిగితే మన వాళ్లు మొహమాటానికి ఉన్నామనే అంటారు. అందుకే నేను ఆ ప్రశ్న వేయను. "మీ ఫోను నంబరు మారితే సైటులో ఎవరు మారుస్తారు, ఎన్నాళ్లు పడుతుంది? మీ డొమైన్ ఎవరి మెయిల్ మీద ఉంది?" అని అడుగుతాను.

ఏజెన్సీ పాత క్లయింటు ఒకరు నంబరు మార్పించడానికి నెల పట్టిందన్నారు. బంధువుల కుర్రవాడి క్లయింట్లు ముగ్గురూ అతన్ని మెచ్చుకున్నారు, మనిషి అలాంటివాడు. కానీ డొమైన్ ఎవరి మెయిల్ మీద ఉందో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. కాకినాడ అమ్మాయిలకు ఏడాదిన్నర దాటిన సైటు ఒకటే ఉంది, ఒక టైలరింగ్ శిక్షణ కేంద్రానిది. దాన్ని నడిపే ఆవిడ, "మారిస్తే నేనే మారుస్తానండీ, నేర్పించారు" అన్నారు. ఆ ఒక్క మాట నాకు మూడు సైట్ల పెట్టు.

కానుగ మొక్కకు ఒక పేజీ

మాటలతో కన్నా పనితో తేలుతుంది. ఇద్దరిని పరీక్షకు పిలిచాను, బంధువుల కుర్రవాడినీ, కాకినాడ జట్టునూ. ఏజెన్సీ వారు నమూనా పని చేయబోమన్నారు, అది వారి హక్కు. పరీక్ష ఉచితం కాదు, ఒక్కొక్కరికి 3,000 రూపాయలు ఇచ్చాం. ఉచితంగా నమూనా చేయించుకోవడం నాకు నచ్చదు. ఒకరి శ్రమను ఊరికే తీసుకుని నిజాయితీ ఆశించడం కుదరదు.

పని చిన్నది. కానుగ మొక్కకు ఒక పేజీ తయారుచేయాలి. ముడిసరుకుగా రైతు ఫోనుతో తీసిన మూడు ఫొటోలు, నర్సరీ పాత మొక్కల జాబితా ఇచ్చాం. ఆ జాబితా ఒక డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో తయారైంది. కావాలనే అది ఇచ్చాను.

తెలుగులో సైటు చేసే ప్రతి ఒక్కరికీ ఇది ఎదురయ్యే గుంతే. అను ఫాంట్లలో అక్షరం తెర మీద తెలుగుగా కనిపించినా, లోపల ఉన్నది ఆంగ్ల అక్షరాల, గుర్తుల సంకేతం. ఆ ఫాంటు లేని ఫోనులో అది పిచ్చిరాతగా మారిపోతుంది. అనేక భాషలకు ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి తన సొంత స్థానం ఉంది కాబట్టి ఏ ఫోనులోనైనా తెలుగే కనిపిస్తుంది, గూగుల్‌కూ అర్థమవుతుంది. ఊళ్లలో పెళ్లి శుభలేఖల నుంచి ధరల పట్టికల దాకా ఇప్పటికీ అను ఫాంట్లలోనే తయారవుతున్నాయి. తెలుగు పని తెలిసిన డెవలపర్ ఆ ఫైలు చూడగానే ఆగిపోతాడు.

కుర్రవాడు రెండు రోజుల్లో పేజీ పంపాడు, చాలా అందంగా ఉంది. దగ్గరగా చూస్తే అందులోని తెలుగంతా బొమ్మ. అక్షరాలు పిచ్చిగా వస్తున్నాయని, జాబితాను ఫొటోగా మార్చి పెట్టేశాడు. కానుగ అని ఎవరు వెతికినా ఆ పేజీ దొరకదు. రేపు ఒక మాట మార్చాలంటే బొమ్మే మళ్లీ గీయాలి.

కాకినాడ అమ్మాయిలు అయిదు రోజులు తీసుకున్నారు. మొదటి రోజే ఫోన్ చేసి, "ఇది యూనికోడ్ కాదండీ, మార్చినా ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, ఒకసారి మీరు చదివి సరిచూడాలి" అన్నారు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. స్టాకు అయిపోతే పేజీ తీసేయాలా, ప్రస్తుతం లేదని రాసి ఉంచాలా? ఫొటోలో మొక్క పక్కన మనిషి నిలబడితే ఎత్తు తెలుస్తుంది కదా? కానుగను కొనేవాళ్లు ఏ పేరుతో అడుగుతారు? ఈ చివరి ప్రశ్నకు కోడలు ముఖం వెలిగిపోయింది. హిందీవాళ్లు కరంజ్ అంటారు, తమిళులు పుంగన్, కన్నడిగులు హొంగె, డిజైన్ చేసేవాళ్లు పొంగామియా అంటారని ఆమె చెబుతూ పోతే వాళ్లు రాసుకున్నారు. పేజీలో ఆ పేర్లన్నీ ఉన్నాయి. ఏ పేరుతో వెతికినా అదే మొక్క దగ్గరికి చేరుతుంది.

తర్వాత రైతు ఫోను తీసుకుని నర్సరీ వెనుక భాగానికి, సిగ్నల్ బలహీనంగా ఉండే చోటికి వెళ్లాం. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. ఏజెన్సీ అంతకుముందు చూపించిన సైటులో పైన పెద్ద వీడియో ఉంది, చేతిగడియారం చూసుకుంటూ నిలబడితే 14 సెకన్లకు తెరుచుకుంది. అమ్మాయిల పేజీ మూడు సెకన్ల లోపే వచ్చింది. ఫొటోలను ముందే చిన్నవి చేసి పెట్టారు.

అయినా రైతుకు నచ్చలేదు. "గవర్నమెంటు ఫారంలా ఉందండీ. ఆ అబ్బాయిది చూడండి, ఎంత కళగా ఉందో" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది, పేజీ బోసిగానే ఉంది. నేను వాదించలేదు. కళ తర్వాత దిద్దుకోవచ్చు, పునాది దిద్దుకోలేమని మాత్రం చెప్పాను. ఆయన ఇంటికి వెళ్లి ఆలోచించుకున్నారు.

మరునాడు అసలు సంగతి బయటపడింది. "బావమరిది మొహం ఎలా చూడాలండీ?" అన్నారు. మన ఊళ్లలో డెవలపర్‌ను ఎంచుకోవడంలో సగం చిక్కు ఇదే. చుట్టరికాన్ని పక్కన పెట్టమని చెప్పే సలహాదారు ఆ ఊళ్లో బతికినవాడు కాదు. ఆ కుర్రవాడి చేతిలో నిజంగా కళ ఉంది. కొత్త లోగో, కార్డులు, గేటు దగ్గరి బోర్డు, లారీల మీద కొత్త చిరునామా అక్షరాల నమూనా అన్నీ అతనికే అప్పగించాం. సైటు రంగులు కూడా అతనే సూచించాడు. ఫారంలా ఉన్న పేజీకి కళ అక్కడి నుంచే వచ్చింది.

కాగితం మీద రాసుకున్నవి

కొత్త డొమైన్‌ను నర్సరీ ఆఫీసులోనే కూర్చుని కొన్నాం. ఈసారి డాట్ ఇన్ పేరు. నర్సరీ పేరుతో కొత్త మెయిల్ తెరిచాం. ఓటీపీ వచ్చే ఫోను రైతుది, డబ్బు కట్టిన ఖాతా రైతుది, గడువు అయిదేళ్లు. హోస్టింగ్ కూడా అలాగే. అమ్మాయిలకు వేరే లాగిన్ ఇచ్చాం, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసే వీలుతో. పాస్‌వర్డులు కాగితం మీద రాసి, బీరువాలో భూమి పాసు పుస్తకాలున్న కవరులో పెట్టించాను. కాగితం మీద రాయవద్దని కొందరు భద్రతా నిపుణులు అంటారు. ఈ ఇంటికి దొంగ భయం కన్నా మరుపు భయం ఎక్కువ, అందుకే ఆ నిర్ణయం.

సైటును వర్డ్‌ప్రెస్‌లో చేయించాం, అది సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. అది అన్నింటికన్నా గొప్పదని కాదు. ఈ డెవలపర్ రేపు లేకపోతే, దాన్ని బాగుచేయగల మరొకరు కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో దొరుకుతారు. సొంతంగా రాసిన ప్రోగ్రాము ఎంత బాగున్నా, దాన్ని రాసిన చెయ్యి వెళ్లిపోతే మూగబోతుంది.

హక్కుల విషయం చాలామంది వదిలేస్తారు. డబ్బిచ్చాం కాబట్టి సైటు మనదే అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచనతో సమానం. జీతం తీసుకునే ఉద్యోగి రాస్తే అది యజమానిదవుతుంది. బయటి వ్యక్తి చేత రాయించుకుంటే, రాతపూర్వకంగా బదలాయించే దాకా అది రాసినవారిదే. బదలాయింపు పత్రంలో కాలం రాయకపోతే అయిదేళ్లకేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికేనని ఆ చట్టంలోని 19వ సెక్షన్ భావిస్తుంది. అందుకే చివరి చెల్లింపుతో పాటు ఈ నర్సరీ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన డిజైను, రాత, కోడు మీది హక్కులు పూర్తి కాలానికి, అన్ని దేశాలకు బదిలీ అవుతాయని రాయించాను. అమ్మాయిలు ఆ పేరా రెండుసార్లు చదివి, ఈ పనిని తమ నమూనాగా ఇతరులకు చూపించుకునే హక్కు కావాలన్నారు. న్యాయమైన కోరిక, చేర్చాం.

చెల్లింపు నాలుగు విడతలు. అడ్వాన్సు 12,000. యాభై మొక్కలతో సైటు చూపించినప్పుడు 16,000. సైటు జనంలోకి వెళ్లిన రోజు 12,000. చివరి 8,000 మాత్రం ఒక షరతు మీద: సైటు మొదలైన నెలలోగా కోడలు ఎవరి సాయమూ లేకుండా ఇరవై కొత్త మొక్కలు ఎక్కించాలి. ఆమె ఎక్కించలేకపోతే నేర్పడంలో లోపం ఉందన్నమాట. ఏడాదికి నిర్వహణ 9,000, అందులో ప్రతి నెలా బ్యాకప్, అంటే సైటు నకలు ఒకటి రైతు సొంత గూగుల్ డ్రైవ్‌లోకి రావాలి.

నేను లెక్క తప్పిన చోటు

మే మధ్యలో సైటు మొదలుపెట్టాలనుకున్నాం, తొలకరికి ముందే. మొదలైంది జూలై మొదటి వారంలో. ఆలస్యం డెవలపర్లది కాదు. ఫొటోలు తీయడానికి రెండు వారాలు చాలని నేను వేసిన అంచనా తప్పింది, ఏడు వారాలు పట్టింది. 280 రకాలు. ఒక్కో రకం రెండు మూడు బ్యాగు సైజుల్లో ఉంటుంది. ఎండ నెత్తి మీదకు వస్తే ఆకుల రంగు తెల్లబోతుంది, కాబట్టి ఉదయం తొమ్మిదిలోపే తీయాలి. ఆ వేళకే కూలీలు నీళ్లు పెడుతుంటారు, లోడింగ్ జరుగుతుంటుంది. మొదటి రెండు వందల ఫొటోల్లో ఎత్తు తెలియడం లేదని మళ్లీ తీయాల్సి వచ్చింది. చివరికి ఒక వెదురు కర్రకు అడుగు అడుగుకీ ఎరుపు, తెలుపు రంగులు వేయించి, ప్రతి మొక్క పక్కనా నిలబెట్టాం. ఆ కర్ర ఆలోచన నర్సరీలో పనిచేసే ఒకావిడది.

ఫొటోలు యజమాని బాధ్యత అని ఒప్పందంలో రాశాను. ఎవరు తీయాలి, ఏ తేదీకి అన్నది రాయలేదు. అమ్మాయిలు అయిదు వారాలు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది, ఆ కాలంలో వాళ్లు మరో పని ఒప్పుకోలేకపోయారు. అది వాళ్లకు నష్టం, కారణం నేను. ఇప్పుడు నేను సరుకు ఫొటోలు కనీసం యాభై చేతికి రాకుండా ఏ డెవలపర్‌కూ ఫోన్ చేయడం లేదు.

సైటు మొదలయ్యాక

అమ్మకాలు పెరిగాయని ఈ సైటు ఖాతాలో నేను రాయను. మొక్కల గిరాకీని వానలు, రియల్ ఎస్టేట్, ప్రభుత్వ టెండర్లు నడుపుతాయి. నేను చెప్పగలిగింది కోడలి నడక గురించే. ప్రతి మొక్క పేజీలో ఉన్న మీట నొక్కితే ఆ మొక్క పేరు, బ్యాగు సైజుతో వాట్సాప్ సందేశం సిద్ధంగా తెరుచుకుంటుంది, ఎన్ని కావాలో కొనేవారు నింపి పంపుతారు. అక్టోబరులో మళ్లీ ఒక రోజంతా ఆఫీసులో కూర్చున్నాను. ఆమె ఫొటో కోసం మడుల్లోకి వెళ్లింది నాలుగుసార్లే.

ఆ ఏడాదే గుజరాత్ ప్రభుత్వం కోనోకార్పస్ అనే అలంకార మొక్క నాటడాన్ని నిషేధించింది. ఆ సంగతి సూరత్ కాంట్రాక్టర్ చెప్పిన రోజు మధ్యాహ్నమే, గుజరాత్‌కు ఈ మొక్క పంపబోమని కోడలు ఆ మొక్క పేజీలో రాశారు. ఎవరినీ అడగలేదు, నాకు కూడా వారం తర్వాత మాటల్లో తెలిసింది. పాత సైటయితే ఆ వాక్యం కోసం విదేశాల్లో ఉన్న మనిషి ఫోనెత్తే దాకా ఎదురుచూడాలి.

2024 సెప్టెంబరులో ఆ ఇద్దరు అమ్మాయిల్లో ఒకరికి పుణెలో ఉద్యోగం వచ్చింది, రెండో అమ్మాయి చదువుకు వెళ్లింది. నెల ముందే చెప్పారు. రాజమహేంద్రవరంలో మరో డెవలపర్‌ను చూసుకున్నాం. అతను వచ్చిన ఉదయం కోడలు బీరువాలోంచి కవరు తీసి, తానే లాగిన్ అయి, అతనికి కొత్త ఖాతా తెరిచి, అమ్మాయిల ఖాతాలు తీసేశారు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా సైటు నడుస్తూనే ఉంది, మధ్యలో రెండు సందేశాలు కూడా వచ్చాయి.

హిందీ పేజీలు ఇంకా మొదలుపెట్టలేదు. కొత్త డెవలపర్ 14,000 అడిగారు. ఏ నలభై మొక్కలకు హిందీ కావాలో కోడలు జాబితా రాస్తున్నారు, అది పూర్తయ్యాకే అడ్వాన్సు ఇస్తామని రైతు చెప్పారు. పాత చిరునామా ఉన్న లారీలు రెండు మిగిలాయి, వాటికీ రంగు వేయించాలి.